బాక్సు దిగాకే మనిషి దిగాలి

జేసీబీ తొండం గోతిలోంచి పైకి లేచింది. బకెట్ నిండా నల్లమట్టి, దాని పళ్లకు చిక్కుకుని ఒక పాత పాలిథిన్ కవరు. ఆపరేటర్ ఆ మట్టిని గోతికి దూరంగా, రోడ్డు మధ్యలో ఒంపాడు. గోతిలోకి ఎవరూ దిగలేదు, నేను దిగనివ్వలేదు. మట్టి ఎలాంటిదో తెలియడానికి బకెట్‌లో పైకి వచ్చిందే చాలు.

కుప్ప పక్కన గొంతుక్కూర్చుని పిడికెడు గడ్డ తీసుకున్నాను. మీరూ ఓసారి పట్టుకుని చూడండి. బొటనవేలు ఆనించి నొక్కితే గోరు మొత్తం లోపలికి పోతోంది. అరచేతుల మధ్య నులిమితే 3 మిల్లీమీటర్ల సన్నటి పోగు అయ్యేదాకా తెగడం లేదు. గడ్డను రెండుగా విరిచాను. విరిగిన చోట నూనె రాసినట్టు మెరుస్తోంది. నల్లరేగడి ఎండల్లో కుంచించుకుపోయి, వానల్లో ఉబ్బి, ఏళ్ల తరబడి తనలో తాను రాసుకుని నున్నబడిన పొర అది. రేపు ట్రెంచి గోడ విరిగిపడిందంటే సరిగ్గా ఆ నున్నటి పొర దగ్గరే విరుగుతుంది.

"గిది సగం పోసిన మట్టే మేడం," అన్నాడు మేస్త్రీ, వంగి చూడకుండానే. ఆయనకు అరవై దగ్గర పడ్డాయి. పాలమూరు మనిషి. వాళ్ల నాయన కాలం నుంచీ ఊరూరూ తిరిగి కాలువలూ డ్యాములూ తవ్విన కుటుంబం. "మా చిన్నప్పుడు గీడ చెరువు ఉండె. శిఖంల మట్టి పోసి ప్లాట్లు జేసిండ్రు."

గోతి అంచుకు దూరంగా నిలబడి టార్చి వేసి చూశాం. పైన ఆరడుగుల దాకా పోసిన మట్టి: ఇటుక ముక్కలు, టైల్స్ పెంకులు, గుడ్డపీలికలు. దాని కింద నల్లరేగడి. తొమ్మిదిన్నర అడుగుల దగ్గర రంగు మారి బూడిదరంగు మొరం మొదలైంది. సరిగ్గా ఆ రెండు పొరలు కలిసే చోట గోడ తడిగా మెరుస్తోంది. చూస్తుండగానే ఒక నీటిచుక్క జారింది. కాసేపటికి ఇంకొకటి.

మా పని ఇదీ: హైదరాబాద్ శివారు కాలనీలో 30 అడుగుల రోడ్డు నడుమ 180 మీటర్ల పొడవున కొత్త మురుగునీటి లైను. 600 మిల్లీమీటర్ల హ్యూమ్ పైపు, 12 అడుగుల లోతు, అంటే దాదాపు 3.6 మీటర్లు. నెల జూలై.

"వాలుగా తవ్వితే పోలేదా?" అని కాలనీ పెద్దాయన ఒకరు గేటు దగ్గరి నుంచే అడిగారు. మంచి ప్రశ్న. స్థలం ఉంటే నేనూ అదే చేసేదాన్ని. కానీ ఇంత బలహీనమైన మట్టికి అడుగు లోతుకు అడుగున్నర చొప్పున వాలు ఇవ్వాలి. 12 అడుగులకు ఒక్కో వైపు 18 అడుగులు. అడుగున పైపుకు నాలుగున్నర అడుగులు వేసుకుంటే పైన గొయ్యి 40 అడుగులు దాటుతుంది. రోడ్డు ముప్పై అడుగులే. ఆ లెక్కన పెద్దాయన కాంపౌండ్ గోడ కూడా గోతిలోకే వస్తుంది. నిలువుగా తవ్వాల్సిందే, నిలువు గోడల మధ్య మనిషిని కాపాడే సామాను అద్దెకు తేవాల్సిందే.

కంపెనీ ఆఫీసు నుంచి అప్పటికే రెండుసార్లు ఫోన్. సెంట్రింగ్ షాపులో మాట్లాడి పెట్టారట, జాకీలూ ప్లేట్లూ సాయంత్రానికి సైటుకు వచ్చేస్తాయట.

"నేను చూడకుండా లోడ్ చేయించొద్దు," అన్నాను.

షాపు మెయిన్ రోడ్డు మీదే ఉంది. స్లాబ్ ప్లేట్లు అట్టల్లా పేర్చి ఉన్నాయి, పక్కన సర్వే బాదుల మోపులు. గోడకు ఆనించిన జాకీలు యాభై దాకా ఉంటాయి. ఒకటి కింద పడుకోబెట్టి చూశాను. బయటి గొట్టంలో లోపలి గొట్టం జారుతుంది. చిల్లులో పిన్ను గుచ్చి, మర ఉన్న కాలర్ తిప్పి బిగించాలి. ఈ జాకీకి అసలు పిన్ను లేదు. దాని బదులు సన్నటి కడ్డీ ముక్కను వంచి దూర్చారు. చిల్లు గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా సాగిపోయింది. ఎన్ని స్లాబుల బరువు మోసిందో పాపం.

నిలువుగా నిలబడి పైనుంచి వచ్చే బరువు మోయడం ఈ జాకీ పని. ఆ పనికి ఇది మంచి సామానే. ట్రెంచిలో అడ్డంగా నిలవడం దీని పని కాదు. దించుతున్న పైపు కొస కాస్త తగిలినా ఊడి కింద పడుతుంది. కానీ నా అసలు అభ్యంతరం అది కాదు. మేస్త్రీని అడిగాను:

"ప్లేట్లు గోడకు ఆనించి, జాకీ మధ్యలో పెట్టి, కాలర్ తిప్పేది ఎవరు?"

"మనోడే. లోపలికి దిగి తిప్పాలె."

"అప్పటికి గోడలకు ఆసరా ఉందా?"

మేస్త్రీ జవాబు చెప్పలేదు. చేతిలోని కడ్డీ ముక్కను జాకీలోకే దూర్చేసి, చేతులు దులుపుకున్నాడు.

అద్దె సామాను ఎంచుకోవడంలో నాకు మిగతా ప్రశ్నలన్నీ దీని తర్వాతే. సామాను లోపల అమరకముందు ఎవరు దిగాలి? సామాను తీసేశాక ఎవరు లోపల మిగులుతారు? ఈ రెండింటికీ 'ఎవరూ లేరు' అన్న జవాబు వచ్చే సామానే నాకు కావాలి. ఎంత గట్టి ఇనుమైనా, దాన్ని బిగించడానికి ఒక మనిషిని ఆసరా లేని గోడల మధ్యకు పంపాలంటే అది నాకు పనికిరాదు.

ఈ పట్టుదల ఊరికే రాలేదు. పదిహేనేళ్ల కిందట, ఇంకో ఊళ్లో, ఇంకో కంపెనీలో నేను కొత్తగా చేరిన రోజులవి. ఏడడుగుల లోతు, తలకు కాస్త ఎక్కువ. గోడలకు ఆసరా కట్టడాన్ని షోరింగ్ అంటారు. "ఇంత చిన్న గోతికి షోరింగ్ ఏమిటి" అన్నారు, నేనూ తలూపాను. మధ్యాహ్నం అన్నాల వేళకు గోడలోంచి ఒక పెళ్ల ఊడి ఒక కుర్రవాడి మీద పడింది. ఛాతీ దాకా కూరుకుపోయాడు. తల బయటే ఉంది, మాట్లాడుతున్నాడు, నీళ్లు అడిగాడు. హమ్మయ్య అనుకున్నాం. కానీ ఊపిరి వదిలిన ప్రతిసారీ ఛాతీ కొంచెం లోపలికి పోతుంది, ఆ సందులోకి మట్టి సర్దుకుంటుంది. తర్వాత ఊపిరి పీల్చుకుందామంటే ఛాతీకి విచ్చుకునే చోటు ఉండదు. మాట సన్నగిల్లింది, తర్వాత ఆగిపోయింది. యంత్రంతో తీస్తే మనిషే తెగుతాడని చేతులతో, తట్టలతో తోడాం. బతికాడు. పక్కటెముకలు విరిగాయి. మళ్లీ గోతి పనికి రాలేదు. ఘనమీటరు తడిమట్టి రెండు టన్నుల దాకా ఉంటుందని నేను కాలేజీలో చదివి పాసైనదాన్నే. ఆ బరువు ఎంతో ఆ రోజు నా గోళ్ల కింద తెలిసింది.

కేంద్ర ప్రజాపనుల శాఖ భద్రతా నిబంధనల్లో ఈ మాట ఎప్పటి నుంచో ఉంది: ట్రెంచి 1.5 మీటర్లు దాటితే పక్కలను మెట్లుగానో వాలుగానో కొయ్యాలి, లేదా ఆసరా కట్టాలి. తవ్వకం భద్రత మీద ఐఎస్ 3764 అనే భారతీయ ప్రమాణమే విడిగా ఉంది. ఆ రోజు మా గొయ్యి రెండు మీటర్ల పైనే.

మధ్యాహ్నానికి ఊరి చివర యార్డు చేరాం. ఎండలో ఇనుము వాసన. ఒక పక్క షీట్ పైల్స్, అంటే నేలలోకి నిలువుగా దింపే ఉక్కు రేకుల కట్టలు, ఇంకో పక్క ఐ బీములు. మధ్యలో పసుపు రంగు ఉక్కు పెట్టెలు, పైకప్పూ అడుగూ లేని గదుల్లా. రెండు నిలువు పలకలు, వాటిని దూరంగా పట్టి ఉంచే అడ్డగొట్టాలు. వీటినే ట్రెంచి బాక్సులంటారు.

యార్డు ఓనరు ముందు షీట్ పైల్స్ వైపు చేయి చూపాడు. "మేడం, వైబ్రో హామర్‌తో దింపేద్దాం. గోడకు గోడ, నీళ్లు కూడా ఆగుతాయి." ఆయన మాటలో అబద్ధం లేదు. నది ఒడ్డునో ఇసుక నేలలోనో అయితే నేను మారుమాట లేకుండా అవే తీసుకునేదాన్ని. కానీ మాకు 12 అడుగుల కిందే మొరం గట్టిపడుతోంది, ఇంకాస్త దిగితే రాయి. గొయ్యి అడుగు కన్నా కిందకు దిగి పాతుకుంటేనే షీట్‌కు బలం. పైగా హామర్ అదురుకు రోడ్డుకు రెండు పక్కలా ఉన్న పాత ఇళ్ల గోడలు నెర్రెలిస్తాయి. అడుగడుగునా ఇంటి కనెక్షన్లు, మంచినీటి పైపులు, కేబుళ్లు. షీట్ దిగే దారిలో ఏది తెగుతుందో పైనుంచి కనపడదు. వద్దన్నాను.

బాక్సుల దగ్గరకు వెళ్లాం. పెద్ద మిషన్ బాక్సును ఎత్తి గోతిలోకి దించుతుంది, లోపలి మట్టి తీసి పలకల మీద నొక్కుతుంది, అలా తవ్వుతూ నొక్కుతూ అడుగు దాకా తీసుకెళుతుంది. అంతసేపూ మనుషులంతా పైనే. బాక్సు కూర్చున్నాక నిచ్చెన వేసుకుని దిగాలి.

ఓనరు రెండు బాక్సులు చూపించాడు. నేను ముందు రేకు వెతికాను. పలకకు రివెట్ చేసిన చిన్న ప్లేటు మీద ఈ బాక్సు ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో ఉంటుంది. మొదటి దాని మీద చదరపు మీటరుకు 35 కిలోన్యూటన్లు, అంటే దాదాపు మూడున్నర టన్నులు. రెండో దాని మీద 60, ఆరు టన్నులు. రెండో దాని అద్దె ఎక్కువ, బరువూ ఎక్కువ.

"మీ పన్నెండడుగులకు మొదటిదే ఎక్కువ మేడం. ఎందుకు దండగ?"

డెలివరీ చలానా వెనక్కి తిప్పి, బాక్సు పలకనే బల్లగా చేసుకుని లెక్క వేశాను. పొడిగా ఉంటే ఈ మట్టి 3.6 మీటర్ల లోతున చదరపు మీటరుకు రెండున్నర టన్నుల పైచిలుకు తోస్తుంది. పక్కన నడిచే టిప్పర్ బరువు కలుపుకుంటే మూడు. ఓనరు చెప్పింది ఇక్కడికి నిజమే. ఇప్పుడు వాన కొట్టి, మట్టి రోడ్డు మట్టం దాకా నానిందనుకోండి. నీళ్లే మూడున్నర టన్నుల పైన తోస్తాయి, నానిన మట్టి ఇంకో టన్నూ పావు, టిప్పర్ దాని మీద. ఐదు దాటిపోతుంది. పొద్దున గోడ మీద జారిన ఆ నీటిచుక్క నా కళ్లలోనే ఉంది.

"రెండోదే," అన్నాను.

అంతటితో అయిపోలేదు. రెండో బాక్సుకు కొత్తగా పసుపు రంగు వేశారు. కొత్త రంగు చూస్తే నాకు అనుమానం. అడ్డగొట్టం పలకకు అతికే మూలను సుత్తితో తట్టాను. మూడు మూలలు ఖంగుమన్నాయి. నాలుగోది మొద్దుగా పలికింది. తాళంచెవితో గీకితే రంగు కింద వెల్డింగు గీత, దాని పక్కనే వెంట్రుకంత పగులు. మేస్త్రీ దాని మీద వేలు పెట్టి అటూ ఇటూ రాసి చూశాడు. "గిది పగిలింది సేటూ," అన్నాడు మెల్లగా. ఓనరు వాదించలేదు. అదే రేటింగు ఉన్న ఇంకో బాక్సు వెనక వరసలోంచి క్రేన్‌తో తెప్పించాడు. దాని మూలలూ అన్నీ తట్టి చూశాను. అడ్డగొట్టాల పిన్నులు, పిన్ను ఊడకుండా పెట్టే క్లిప్పులు ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. ఎనిమిదింటికీ ఉన్నాయి.

ఇక కొలతలు. పైపు లోపలి కొలత 600 అయినా గోడ మందంతో కలిపి బయటికి 770 మిల్లీమీటర్లు. ఒక్కొక్కటి రెండున్నర మీటర్ల పొడవు, టన్నుకు పైన బరువు. అది అడ్డగొట్టాల మధ్య నుంచి దిగాలి, దిగాక కింది గొట్టం అడుగు నుంచి ముందుకు జరిగి పాత పైపును కలుసుకోవాలి. అందుకని కింది గొట్టం నేలకు 1.3 మీటర్ల ఎత్తున ఉన్న బాక్సే కావాలి. చాలామంది లోతూ వెడల్పూ చూసి తెచ్చుకుని ఇక్కడే ఇరుక్కుంటారు. పైపు పట్టదు, అప్పుడు ఎవరో 'ఒక్క నిమిషం' ఆ గొట్టం పిన్ను తీసేస్తారు. ఆ ఒక్క నిమిషానికే నా భయమంతా.

2.4 మీటర్ల కింది బాక్సు, దాని మీద 1.5 మీటర్ల పై బాక్సు. కలిపితే 3.9. అంచు రోడ్డు మీదికి 300 మిల్లీమీటర్లు లేచి ఉంటుంది, దొర్లే రాయి లోపల పడదు. రెండూ కలిపి మూడు టన్నుల దాకా ఉంటాయి కాబట్టి మా జేసీబీకి లొంగవు. బూమ్ చాచిన కొద్దీ ఎత్తగల బరువు తగ్గుతుంది. ఇరవై టన్నుల పెద్ద మిషన్, మా వాళ్లంతా హిటాచీ అనేది, దాన్ని కూడా మాట్లాడాం. నాలుగు కాళ్ల చైన్ స్లింగు, రెండు నిచ్చెనలు.

లైను మలుపులో ఒక కరెంటు స్తంభం ఉంది, ట్రెంచికి ఐదడుగులు కూడా లేదు. అక్కడ బాక్సు చాలదు. బాక్సు మనిషిని కాపాడుతుంది గానీ నేలను పట్టి ఆపదు. పలకకూ మట్టికీ మధ్య సందు ఉంటుంది, ఆ సందులోకి నేల జారితే స్తంభం ఒరుగుతుంది. అలాంటి చోటికి పైనుంచే దించి, పైనే నిలబడి చేతిపంపు కొట్టి మట్టికి బిగించే హైడ్రాలిక్ జాకీల పలకలు కావాలి. యార్డులో ఒక్క సెట్టే ఉంది, అది ఇంకో సైటులో ఉందట, వారంలో వస్తుంది. స్తంభం దగ్గరికి మేం చేరేది పదిరోజులకు కాబట్టి సరే అన్నాను.

అద్దె గేటు దాటిన రోజు నుంచి గేటులోకి తిరిగొచ్చిన రోజు దాకా. వానకు పని ఆగినా మీటరు తిరుగుతూనే ఉంటుంది. ఆఫీసులో ఈ బిల్లు చూసి నొచ్చుకుంటారని తెలుసు. మా టెండరులో షోరింగ్‌కు విడిగా రేటు లేదు, తవ్వకం రేటులోనే కలిపేశారు. పెట్టినా పెట్టకపోయినా వచ్చే డబ్బు అంతే. డాలస్‌లో పనిచేసే మా క్లాస్‌మేట్ చెప్పాడు, టెక్సాస్‌లో 5 అడుగులు దాటిన ట్రెంచికి భద్రత ఖర్చును టెండరులో వేరే ఐటెంగా, అడుగుల లెక్కన చూపాలని చట్టమే ఉందట. మన టెండర్లలోనూ ఆ ఒక్క వరుస చేరాలి. చేరితే సెంట్రింగ్ షాపు జాకీల ఊసు ఏ ఆఫీసూ ఎత్తదు.

రెండో రోజు పొద్దున బాక్సు దిగింది. హిటాచీ ఆపరేటర్ బకెట్ వీపుతో పలకల మీద మార్చి మార్చి, ఒకసారి ఎడమ, ఒకసారి కుడి, మెత్తగా నొక్కాడు. బాక్సు గురగురమంటూ జానెడు జానెడు లోపలికి పోయింది. తవ్విన మట్టి ఎప్పటికప్పుడు టిప్పర్లలోకి. అంచుకు 1.5 మీటర్ల దూరం, లేదా లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో మట్టి పోయాలన్నది నియమం. మాకు 1.8 మీటర్లు. ఇళ్ల గేట్లకు దారి వదిలితే కుప్పలు పెట్టే చోటే లేదు. పలకల వెనక సందుల్లో మొరం నింపడం మొదలుపెట్టాం. నిచ్చెన కట్టాక మేస్త్రీ ముందు దిగాడు. అడుగున నిలబడి రెండు పలకల మీదా అరచేతులు ఆనించి, పైకి చూసి తలూపాడు. ఆ తర్వాతే మిగతా ఇద్దరు.

మూడో రోజు మధ్యాహ్నం రెండున్నరకు వాన పట్టుకుంది. అందర్నీ పైకి రమ్మన్నాను. ఇద్దరు ఎక్కేశారు, మేస్త్రీ నిచ్చెన మీద ఉన్నాడు. దబ్బుమని ఒక శబ్దం. బాక్సు మొత్తం ఒక్కసారి అదిరింది. రోడ్డు మీద నిలబడ్డ నా కాళ్ల కింద ఆ అదురు తెలిసింది. ఎడమ పలక వెనక, మొరం ఇంకా నింపని చోట, నల్లమట్టి పెళ్ల విరిగి పలక మీద పడింది. లోపలి వైపు పలక మీద ఒక్క మరక కూడా లేదు. మేస్త్రీ నిచ్చెన మధ్యలో ఆగి, ఆ పలక వంక కాసేపు చూశాడు. తర్వాత మెల్లగా పైకొచ్చాడు. తలగుడ్డ విప్పి, పిండి, మళ్లీ కట్టుకున్నాడు. ఆ ఇద్దరిలో చిన్నవాడు, ఆయన మనవడి వరస, వానలో తడుస్తూ నవ్వుతున్నాడు. ఆ ముఖం చూడలేక నేను బాక్సు వైపు తిరిగాను.

వాన తెరిపిచ్చాక ప్రతి మూల మళ్లీ చూశాం. నీళ్లు తోడాం. మర్నాటి నుంచి రోజుకు నాలుగేసి పైపులు. ఒక పైపు పడగానే దాని చుట్టూ మట్టి పొర పొరగా నింపి గట్టిపరచడం, అడుగు అడుగు చొప్పున బాక్సును లేపడం, ముందుకు జరపడం. బాక్సు లేచేటప్పుడు కూడా లోపల ఎవరూ ఉండరు.

ఆరో రోజు బకెట్ పళ్లకు ఏదో తగిలి కిర్రుమంది. ఆపరేటర్ వెంటనే ఎత్తేశాడు. మంచినీటి పైపు, ట్రెంచికి అడ్డంగా. డ్రాయింగులో అది ఇంకా చాలా ముందు, 90 మీటర్ల దగ్గర ఉండాలి. పైపుకు దెబ్బ తగల్లేదు గానీ బాక్సు దాన్ని దాటి పోలేదు. అటూ ఇటూ కలిపి నాలుగు మీటర్ల ముక్క. ఇలాంటి చోటుకు కూడా ఆ హైడ్రాలిక్ పలకలే దిక్కు, అవి రేపు సాయంత్రానికి గానీ రావు.

ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పాను. అవతల కాసేపు మౌనం. తర్వాత, "నాలుగు మీటర్లేగా మేడం. ఒక పైపు దింపి జాయింట్ కలపడం. అర్ధగంట పని. మేస్త్రీని అడగండి, ఆయన చేసేస్తాడు."

స్పీకర్ ఆన్‌లోనే ఉంది. మేస్త్రీ విన్నాడు. నా వైపు చూడలేదు, ఏమీ అనలేదు. బాక్సు దగ్గరకు నడిచి వెళ్లి, కట్టు విప్పి, నిచ్చెనను చేయి మార్చి చేయి పైకి లాగాడు. దాన్ని తీసుకొచ్చి రోడ్డు అవతల కాంపౌండ్ గోడ పక్కన పడుకోబెట్టి, దాని మీద కూర్చున్నాడు.

"రేపు సామాన్ వస్తది గద మేడం," అన్నాడు, బీడీ వెలిగించుకుంటూ.